గెలిచిన బ్రిగేడియర్, నిలిచిన మిల్ రీఫ్

1971 మే 1న ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్ మైదానంలో జరిగిన 2000 గినీస్ పందెంలో పరిగెత్తినవి ఆరు గుర్రాలే. అంత పేరున్న పందెంలో అంత తక్కువ గుర్రాలు దిగడం అరుదు. ఆ ఆరింట్లో మూడు గుర్రాలు అప్పటికే అంతటి పేరు తెచ్చుకున్నాయి. వాటి ముందు నిలవలేమనుకున్న యజమానులు తమ గుర్రాలను ఇంటిపట్టునే ఉంచేశారు. పందెం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దాని గురించిన చర్చ మాత్రం అర్ధ శతాబ్దం దాటినా ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జరిగిన పందేల్లో ఇంతకంటే బలమైన గినీస్ లేదని చెప్పేవారు చాలామంది. ఆ మాటలో అతిశయోక్తి లేదనడానికి సాక్ష్యం ఆ రోజు పందెం ఒక్కటే కాదు. ఆ గుర్రాలు తర్వాత నడిచిన దారి, వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అంతకంటే గట్టి సాక్ష్యం.

ఇంగ్లండ్‌లో మూడేళ్ల గుర్రాలకు జరిగే అయిదు పందేలను క్లాసిక్‌లంటారు. వాటిలో అన్నిటికంటే పాతది సెయింట్ లెజర్, 1776లో మొదలైంది. ఓక్స్ 1779లో, డెర్బీ 1780లో, 2000 గినీస్ 1809లో, 1000 గినీస్ 1814లో వచ్చాయి. ఓక్స్, 1000 గినీస్ ఆడగుర్రాలకు మాత్రమే. గినీ అంటే 21 షిల్లింగుల పాత నాణెం. మొదట్లో పెట్టిన బహుమతి మొత్తమే పందేనికి పేరుగా మిగిలిపోయింది. 2000 గినీస్ దూరం ఒక మైలు, అంటే ఎనిమిది ఫర్లాంగులు. న్యూమార్కెట్‌లో రౌలీ మైల్ అనే దారి మలుపు లేకుండా తిన్నగా సాగుతుంది. రెండో చార్లెస్ రాజు దగ్గరున్న ఓల్డ్ రౌలీ అనే గుర్రం పేరు ముందు రాజుకు, తర్వాత ఈ దారికి అంటుకుంది. చివరి రెండు ఫర్లాంగుల్లో నేల ఒక పల్లంలోకి దిగి మళ్లీ గెలుపు గీత దాకా ఎక్కుతుంది. దానికే డిప్ అని పేరు. అలసిన గుర్రం అక్కడ తడబడుతుంది, సత్తా ఉన్నది అక్కడే ముందుకు వస్తుంది.

ఈ క్లాసిక్‌ల పేర్లు తెలుగువారికి కొత్తవి కావు. హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్సులో ఏటా జరిగే గోల్కొండ 2000 గినీస్, గోల్కొండ 1000 గినీస్, గోల్కొండ ఓక్స్, గోల్కొండ డెర్బీ, గోల్కొండ సెయింట్ లెజర్ అన్నీ న్యూమార్కెట్, ఎప్సం, డాంకాస్టర్‌ల నమూనాలో పుట్టినవే. మౌలాలిలో మొదలైన హైదరాబాద్ పందేలు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో మలక్‌పేటకు మారాయి. 

ముగ్గురు మొనగాళ్లు

1970లో రెండేళ్ల గుర్రాల పందేల్లో అందరి నోటా నలిగిన పేరు మై స్వాలో. ఐర్లండ్‌లో పుట్టిన ఈ గుర్రాన్ని యజమాని డేవిడ్ రాబిన్సన్ 5,000 గినీలకు వేలంలో కొన్నాడు. రేడియోలు, టీవీలు అద్దెకిచ్చే వ్యాపారంలో సంపాదించిన ఆయన తర్వాత కేంబ్రిడ్జిలో తన పేరు మీద కాలేజీ కట్టించాడు. మై స్వాలో ఆ ఏడు ఏడు పందేల్లో దిగి ఏడూ గెలిచింది. ఫ్రాన్స్‌లో రెండేళ్ల గుర్రాలకు అప్పట్లో పెద్దవనిపించిన పందేలు నాలుగు: రాబర్ట్ పాపాన్, మోర్నీ, సలమాండ్ర్, గ్రాండ్ క్రిటీరియం. ఈ నాలుగూ ఒకే ఏడాది గెలిచిన మొదటి గుర్రం ఇదే. అప్పుడు దాని మీద స్వారీ చేసినవాడు లెస్టర్ పిగట్.

రెండోది మిల్ రీఫ్. అమెరికాలోని వర్జీనియాలో పాల్ మెలన్ అనే ధనికుడి రోక్‌బీ తబేలాల్లో పుట్టింది. తండ్రి నెవర్ బెండ్, తల్లి మిలన్ మిల్. కొంచెం పొట్టిగా, ఎక్కడ చూసినా పొందికగా ఉండే ఈ గుర్రం అమెరికా మట్టి ట్రాక్‌లకంటే పచ్చిక మీద బాగా పరిగెడుతుందని మెలన్ అంచనా వేశాడు. ఇంగ్లండ్‌లోని కింగ్స్‌క్లేర్‌లో ఇయాన్ బాల్డింగ్ దగ్గరికి పంపాడు. ఆ ప్రయాణమే దాని భవిష్యత్తు మార్చింది. రెండేళ్ల వయసులో ఆరు పందేల్లో దిగి ఐదు గెలిచింది. అస్కాట్‌లో కోవెంట్రీ స్టేక్స్ ఎనిమిది లెంగ్త్‌ల తేడాతో, యార్క్‌లో గిమ్‌క్రాక్ పది లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. గుర్రప్పందాల లెక్కలో లెంగ్త్ అంటే గుర్రం నిడివి, దాదాపు ఎనిమిది అడుగులు. గిమ్‌క్రాక్ నాడు వానకు నేల బురదైపోయింది. ట్రైనర్ వెనక్కి తగ్గుదామంటే పరిగెత్తించమన్నది యజమాని మెలనే.

ఆ ఏడు మిల్ రీఫ్ ఓడిన ఒకే ఒక్క పందెం ప్యారిస్ దగ్గర మెసోన్ లాఫిట్‌లో జరిగిన రాబర్ట్ పాపాన్. అక్కడ దాన్ని ఓడించింది మై స్వాలోనే, అదీ షార్ట్ హెడ్ తేడాతో. గుర్రం ముక్కు కొస ముందుకు చాచినంత తేడా అది.

మూడోది బ్రిగేడియర్ గెరార్డ్. మిగతా రెండింటితో పోలిస్తే దీని పుట్టుక చాలా సాదా. యజమాని జాన్ హిస్లప్ ఒకప్పుడు అమెచ్యూర్ జాకీ. 1947 గ్రాండ్ నేషనల్‌లో కామి అనే గుర్రం మీద మూడో స్థానంలో వచ్చినవాడు, గుర్రప్పందాల పాత్రికేయుడు కూడా. ఆయన, భార్య జీన్ కలిసి కొద్దిపాటి ఆడగుర్రాలు పెంచుకునేవారు. వాటిలో ఒకటైన లా పైవా ఒక్క పందెమూ గెలవలేదు. కానీ దాని వంశం పాత కాలపు మేటి ఆడగుర్రం ప్రెటీ పాలీ దాకా వెళ్తుంది. జాన్ హిస్లప్ నమ్మింది ఆ వంశాన్నే. పెద్ద మగగుర్రానికి డబ్బు పెట్టలేక, 250 పౌండ్ల రుసుముకి దొరికిన క్వీన్స్ హుస్సార్‌తో లా పైవాను జత కలిపారు. 1968 మార్చి 5న పుట్టిన పిల్లకు కానన్ డాయిల్ కథల్లోని నెపోలియన్ కాలపు సైనికుడి పేరు పెట్టారు. వెస్ట్ ఇల్స్లీలో డిక్ హెర్న్ దగ్గర అది తయారైంది. రెండేళ్ల వయసులో నాలుగు పందేల్లో దిగి నాలుగూ గెలిచింది, చివరిది న్యూమార్కెట్‌లోని మిడిల్ పార్క్. ఆ తర్వాత దానికి రెండున్నర లక్షల పౌండ్లు ఇస్తామని బేరం వచ్చింది. హిస్లప్ దంపతులు అమ్మలేదు. 

ఏడాది చివర రెండేళ్ల గుర్రాలన్నిటినీ బరువుల లెక్కన తూచి వరుస కట్టే ఫ్రీ హ్యాండిక్యాప్ పట్టికలో ఈ మూడే మొదటి మూడు. మై స్వాలో పైన, దానికి ఒక పౌండు తక్కువగా మిల్ రీఫ్, మరో పౌండు తక్కువగా బ్రిగేడియర్ గెరార్డ్. అంటే ఒక్కోదానికి మధ్య తేడా అరకిలో కూడా లేదు. ఇలా తూచడం తప్పో ఒప్పో తేలే రోజు గినీస్ రోజు.

మైలు దారి మీద

చలికాలం గడిచాక మై స్వాలో, మిల్ రీఫ్ రెండూ గినీస్‌కు ముందు తలా ఒక పందెం పరిగెత్తి గెలిచాయి. మై స్వాలో కెంప్టన్‌లో, మిల్ రీఫ్ న్యూబరీలో గ్రీన్‌హామ్ స్టేక్స్‌లో. బ్రిగేడియర్ మాత్రం ఒక్క పందెం కూడా పరిగెత్తకుండా తిన్నగా న్యూమార్కెట్‌కు వచ్చింది. అది లోకం దృష్టిలో లోపం. అందుకే బుకీల పందెం రేట్లలో మిల్ రీఫ్ 6-4 ఫేవరిట్, మై స్వాలో 2-1, బ్రిగేడియర్ 11-2. నాలుగోది మిన్‌స్కీ. ముందు ఏడాది గినీస్, డెర్బీ, సెయింట్ లెజర్ మూడూ గెలిచి ట్రిపుల్ క్రౌన్ సాధించిన నిజిన్‌స్కీకి సొంత తమ్ముడు, ఒకే తల్లికి ఒకే తండ్రికి పుట్టినవాడు. పిగట్ ఆ రోజు స్వారీ చేసింది మిన్‌స్కీ మీదే. మిగతా రెండు గుడ్ బాండ్, ఇండియన్ రూలర్.

పందెం మొదటి నుంచీ మై స్వాలో, మిల్ రీఫ్ ఒకదాన్నొకటి కనిపెట్టుకుంటూ పరిగెత్తాయి. ఫ్రాంకీ డర్ మై స్వాలో మీద, జెఫ్ లూయిస్ మిల్ రీఫ్ మీద. ఒకరినొకరు వదలకుండా, అసలు పోటీ తామిద్దరిదేనన్నట్టు వెళ్లారు. వెనక బ్రిగేడియర్ మీద జో మెర్సర్ దాన్ని బిగించి పట్టుకుని కూర్చున్నాడు. ఇంకా రెండు ఫర్లాంగులు ఉందనగా కళ్లెం వదిలి అదిలించాడు. పల్లంలోకి దిగుతూనే బ్రిగేడియర్ ముందున్న రెండింటినీ దాటేసింది. ఎక్కే దారిలో ఇంకా దూరం పెంచింది. గెలుపు గీత దగ్గర మూడు లెంగ్త్‌ల తేడా. మిల్ రీఫ్ రెండో స్థానం, మై స్వాలో మూడు, మిన్‌స్కీ నాలుగు.

మిల్ రీఫ్‌ను, మై స్వాలోను అంత తేలిగ్గా దాటిపోయిన గుర్రం ఏ స్థాయిదో ఆ రోజు అందరికీ అర్థం కాలేదు. ముందు రెండు గుర్రాలూ ఒకదాన్నొకటి అరగదీసుకున్నాయని, అందుకే మూడోది గెలిచిందని కొందరన్నారు. ఆ మాట తప్పని తర్వాతి పందేలు రుజువు చేశాయి. మిల్ రీఫ్ ఆ తర్వాత మళ్లీ ఏ గుర్రం చేతిలోనూ ఓడలేదు.

ఒకరిది మైలు, ఒకరిది మైలున్నర

డెర్బీ దూరం మైలున్నర. హిస్లప్ దంపతులు బ్రిగేడియర్‌ను అక్కడికి పంపలేదు. మైలు గుర్రాన్ని మైలు దగ్గరే ఉంచాలన్నది వాళ్ల పట్టుదల. దాంతో జూన్‌లో ఎప్సంలో మిల్ రీఫ్ రెండు లెంగ్త్‌లతో డెర్బీ గెలిచింది. తర్వాత సాండౌన్‌లో ఎక్లిప్స్ నాలుగు లెంగ్త్‌లతో, అస్కాట్‌లో కింగ్ జార్జ్ ఆరు లెంగ్త్‌లతో, ప్యారిస్ లాంగ్‌షాంప్‌లో అక్టోబర్‌లో ఆర్క్ ద ట్రయంఫ్ మూడు లెంగ్త్‌లతో గెలిచింది. ఈ నాలుగు పందేలనూ ఒకే ఏడాదిలో గెలిచిన మొదటి గుర్రం మిల్ రీఫే. చూడటానికి చిన్నదిగా ఉన్న ఆ గుర్రం ఏ దేశపు నేల అయినా, ఎండినదైనా తడిసినదైనా ఒకేలా పరిగెత్తింది. పందేలు చూసేవారు దాన్ని అంత ప్రేమించడానికి కారణం అదే.

బ్రిగేడియర్ దారి వేరు. అస్కాట్‌లో సెయింట్ జేమ్స్ ప్యాలెస్ స్టేక్స్ నాడు వాన కురిసి నేల మెత్తబడింది. అది దానికి పడని నేల. పిగట్ స్వారీ చేసిన స్పార్క్‌లర్ ముందుకు దూసుకుపోయింది, బ్రిగేడియర్ ఓడినట్టే కనిపించింది. చివరి అడుగుల్లో తల తేడాతో గెలిచింది. గుడ్‌వుడ్‌లో ససెక్స్ స్టేక్స్ ఐదు లెంగ్త్‌లతో, అస్కాట్‌లో క్వీన్ ఎలిజబెత్ స్టేక్స్ ఎనిమిది లెంగ్త్‌లతో గెలిచింది. ఏడాది చివర న్యూమార్కెట్ చాంపియన్ స్టేక్స్‌లో మళ్లీ బురద. రారిటీ అనే గుర్రాన్ని షార్ట్ హెడ్ తేడాతో దాటింది. గాలిలా గెలిచిన పందేలకంటే ఇలా బురదలో కష్టపడి నెగ్గిన రెండు పందేలే దాని గుండె ఎంతటిదో చెబుతాయి.

1972 వచ్చేసరికి రెండు గుర్రాలకూ నాలుగేళ్లు. రెండూ మళ్లీ ఎదురుపడాలని ఇంగ్లండ్ అంతా ఎదురుచూసింది. మిల్ రీఫ్ ప్యారిస్‌లో గానే పందెం పది లెంగ్త్‌లతో గెలిచి వచ్చింది. ఎప్సంలో కొరొనేషన్ కప్ మాత్రం హోమెరిక్ అనే గుర్రం మీద మెడ తేడాతో, ఎంతో కష్టం మీద గెలిచింది. అప్పటికే దాని ఒంట్లో వైరస్ ఉందని తర్వాత తేలింది. ఎక్లిప్స్‌లో ఇద్దరూ తలపడాల్సింది, మిల్ రీఫ్ రాలేకపోయింది. ఆగస్టులో యార్క్‌లో తలపడాల్సింది, అక్కడికీ రాలేకపోయింది. అలా గినీస్ తర్వాత ఆ రెండూ ఒకదానికొకటి మళ్లీ ఎదురుపడనే లేదు.

ఆ ఏడు జూన్‌లో జో మెర్సర్ పెను ప్రమాదం తప్పించుకున్నాడు. బెల్జియంలో పందేలకు వెళ్లడానికి న్యూబరీలో ఎక్కిన చిన్న విమానం గాల్లోకి లేస్తూనే కూలిపోయింది. పైలట్ చనిపోయాడు. బయటికి విసిరేసినట్టు పడిన మెర్సర్, లోపల ఉన్నవారిని లాగడానికి మళ్లీ శిథిలాల దగ్గరికే పరిగెత్తాడు. రెండు రోజులకు ఒళ్లంతా దెబ్బలతోనే అస్కాట్‌లో బ్రిగేడియర్ మీద కూర్చుని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ స్టేక్స్ గెలిచాడు. ఆ పందెంలో రెండో స్థానంలో వచ్చిన స్టీల్ పల్స్ కొద్దిరోజులకే ఐరిష్ డెర్బీ గెలిచింది. ఓడించిన గుర్రాలు తర్వాత ఏం చేశాయో చూసి గెలిచిన గుర్రం విలువ కట్టడం పందేలవారి అలవాటు, ఆ లెక్కన బ్రిగేడియర్ విలువ వారం వారం పెరిగింది.

ఎక్లిప్స్ కూడా గెలిచాక హిస్లప్ దంపతులు తమ పట్టుదల సడలించి దాన్ని మైలున్నర కింగ్ జార్జ్‌లో దింపారు. దూరం పడదన్నవారి అనుమానాన్ని బ్రిగేడియర్ ఒకటిన్నర లెంగ్త్‌ల తేడాతో పటాపంచలు చేసింది. పార్నెల్ రెండోది. మూడోది ఫ్రాన్స్ నుంచి వచ్చిన రివర్‌మాన్. చివర్లో బ్రిగేడియర్ పక్కకు జరిగిందని విచారణ పెట్టారు, ఫలితం మాత్రం మారలేదు.

యార్క్ నాడు

1972 ఆగస్టు 15న యార్క్‌లో బెన్సన్ అండ్ హెడ్జెస్ గోల్డ్ కప్ మొదటిసారి జరిగింది. అప్పటిదాకా పదిహేను పందేల్లో పదిహేనూ గెలిచిన బ్రిగేడియర్ 1-3 ఫేవరిట్. ఆ ఏడు డెర్బీ గెలిచిన రాబర్టో 12-1. దాని యజమాని అమెరికావాడు, బేస్‌బాల్ ఆటగాడు రాబర్టో క్లెమెంటే పేరు పెట్టుకున్నాడు. స్వారీ చేయడానికి పనామావాడైన బ్రౌలియో బయేజాను అమెరికా నుంచి పిలిపించాడు. బయేజాకు బ్రిటన్‌లో అదే మొదటి స్వారీ. ఇంగ్లండ్ జాకీల్లా వెనక కూర్చుని కాచుకోవడం అతని పద్ధతి కాదు. గేటు తెరుచుకున్న దగ్గర్నుంచీ ముందుకు వదిలేశాడు. ట్రాక్ రికార్డు బద్దలైంది. బ్రిగేడియర్ మూడు లెంగ్త్‌ల వెనక వచ్చింది. జీవితంలో దాని ఓటమి అదొక్కటే. పందెం తర్వాత దాని ముక్కునుంచి చీమిడి కారిందని, ఒంట్లో బాగా లేకనే ఓడిందని హిస్లప్ నమ్మాడు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమైనా, ఆ రోజు రాబర్టో పరుగుకు వంక పెట్టడానికి లేదు.

బ్రిగేడియర్ సెప్టెంబర్‌లో క్వీన్ ఎలిజబెత్ స్టేక్స్ మళ్లీ గెలిచింది, ఈసారి ట్రాక్ రికార్డుతో. అక్టోబర్‌లో చాంపియన్ స్టేక్స్‌లో రివర్‌మాన్‌ను రెండోసారి ఓడించి పందేలు ముగించింది. 18 పందేలు, 17 గెలుపులు. గుర్రాల సత్తాకు అంకెలు వేసే టైమ్‌ఫామ్ సంస్థ దానికి 144 ఇచ్చింది. ఆ సంస్థ చరిత్రలో అప్పటికి అంతకంటే పై అంకె సీ బర్డ్‌కే ఉంది, 145. మిల్ రీఫ్‌కు 141. నలభై ఏళ్ల తర్వాత ఫ్రాంకెల్ 147తో వీటన్నిటినీ దాటింది.

విరిగిన కాలు

యార్క్ పందెం జరిగిన పదిహేను రోజులకు, ఆగస్టు 30 ఉదయం, కింగ్స్‌క్లేర్ కొండ మీద మామూలు వ్యాయామంలో మిల్ రీఫ్ ఎడమ ముందుకాలు విరిగింది. పందెం గుర్రానికి కాలు విరిగితే చంపేయడమే అప్పటి ఆనవాయితీ. అంత బరువైన జంతువు నెలల తరబడి కదలకుండా పడుకోలేదు, నిలబడితే విరిగిన కాలి మీద భారం పడుతుంది. బాధకు భయపడి తన్నుకుంటే కట్టు ఊడిపోతుంది. అందుకే అప్పట్లో వైద్యులు సాధారణంగా ధైర్యం చేసేవారు కాదు.

పాల్ మెలన్, ఇయాన్ బాల్డింగ్ ప్రయత్నించి చూద్దామన్నారు. తబేలాల ఆవరణలోనే ఆపరేషన్ గది ఏర్పాటు చేశారు. గంటల కొద్దీ సాగిన శస్త్రచికిత్సలో ఎముకకు స్టీలు ప్లేటు, స్క్రూలు బిగించారు. కాలంతా ప్లాస్టర్ కట్టు. వారాల తరబడి ఆ గుర్రం ఒక గదిలో నిలబడే ఉంది. పక్కన దాని సైసు జాన్ హాలం. దాణా చేత్తో పెడుతూ, ఒళ్లు నిమురుతూ, ఉలిక్కిపడకుండా మాట్లాడుతూ రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉన్నాడు. ప్రజల నుంచి ఉత్తరాలు, కార్డులు కుప్పలుగా వచ్చాయి. బతికించినవి ప్లేటు, స్క్రూలు అన్నది నిజమే. కానీ వాటి కంటే ఎక్కువగా బతికించింది దాని స్వభావం అని ఆ తబేలాలో పనిచేసినవారంతా చెప్పారు. నొప్పిలోనూ అది తిరగబడలేదు, తన్నలేదు. చికిత్స చేసేవారిని చేయనిచ్చింది.

పందేల నుంచి మాత్రం తప్పించక తప్పలేదు. న్యూమార్కెట్‌లోని నేషనల్ స్టడ్‌కు పంపారు. అక్కడ దాని రెండో జీవితం మొదలైంది.

స్టడ్ ఫామ్‌లో లెక్క మారింది

పందెం గుర్రానికి పందేల తర్వాత జీవితం అంటే పిల్లల్ని కనడం. ఈ లోకంలో గుర్రం ఆఖరి విలువ తేలేది అక్కడే. మిల్ రీఫ్ 1978లోనే బ్రిటన్, ఐర్లండ్‌లలో అగ్ర సంతానకర్తగా నిలిచింది. ఆ ఏడు దాని కొడుకు షర్లీ హైట్స్ ఎప్సం డెర్బీ చివరి అడుగుల్లో తల తేడాతో గెలిస్తే, మరో కొడుకు అకమాస్ ఫ్రెంచ్ డెర్బీ గెలిచింది. 1984లో అమెరికాలో మొదటిసారి జరిగిన బ్రీడర్స్ కప్ టర్ఫ్ గెలిచిన లష్కరీ కూడా మిల్ రీఫ్ కొడుకే. మెలన్ సొంత పెంపకంలో పుట్టిన గ్లింట్ ఆఫ్ గోల్డ్ 1981 డెర్బీలో షెర్గార్ వెనక రెండో స్థానంలో వచ్చింది. 1986లో గుండె జబ్బు ముదరడంతో మిల్ రీఫ్‌కు బాధ లేకుండా ప్రాణం తీశారు. నేషనల్ స్టడ్‌లో దాని విగ్రహం ఉంది. మరుసటి ఏడు రెఫరెన్స్ పాయింట్ అనే కొడుకు డెర్బీ, కింగ్ జార్జ్, సెయింట్ లెజర్ మూడూ గెలవడంతో, చనిపోయిన తండ్రి మరోసారి సంతానకర్తల పట్టికలో మొదటి స్థానం ఎక్కింది.

బ్రిగేడియర్ గెరార్డ్ ఈ మైదానంలో మాత్రం మెప్పించలేకపోయింది. పెద్ద పేరు తెచ్చుకున్న బిడ్డలు రెండంటే రెండు. 1980 సెయింట్ లెజర్ గెలిచిన లైట్ కావల్రీ, 1981 చాంపియన్ స్టేక్స్ గెలిచిన వయ్‌రాన్. లైట్ కావల్రీ సెయింట్ లెజర్ గెలిచినప్పుడు దాని మీద ఉన్నది జో మెర్సరే, తండ్రిని నడిపిన చేతులే కొడుకునూ నడిపాయి. ఆ లైట్ కావల్రీ తల్లి గ్లాస్ స్లిప్పర్. యజమాని జిమ్ జోయెల్ మరుసటి ఏడు ఆ ఆడగుర్రాన్ని మిల్ రీఫ్‌తో జత కలిపాడు. పుట్టిన ఫెయిరీ ఫుట్‌స్టెప్స్ 1981లో 1000 గినీస్ గెలిచింది. పందెంలో ఒక్కసారే ఎదురైన రెండు గుర్రాలూ ఒకే తల్లి కడుపున ఒక్కో క్లాసిక్ విజేతను ఇచ్చాయి. 1971 పందేనికి ఇంతకంటే అందమైన అనుబంధం వెతికినా దొరకదు.

బ్రిగేడియర్ ఎందుకు వెనకబడిందన్నదానికి ఖచ్చితమైన జవాబు లేదు. గొప్ప పరుగు ఒక గుర్రంలో ఉంటుంది, దాన్ని పిల్లలకు పంచే గుణం మరో గుర్రంలో ఉంటుంది. బ్రిగేడియర్ ఓడించిన గుర్రాల జాబితా చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. రెండుసార్లు ఓడిన రివర్‌మాన్ కూడా మిల్ రీఫ్‌లాగే నెవర్ బెండ్ కొడుకు. అది 1980, 1981లలో ఫ్రాన్స్‌లో అగ్ర సంతానకర్త అయింది. ఇక యార్క్‌లో బ్రిగేడియర్‌నే ఓడించిన రాబర్టో అమెరికాలో పెద్ద వంశకర్త. దాని మనవడు బార్బారో 2006 కెంటకీ డెర్బీ గెలిచింది.

అయితే బ్రిగేడియర్ తండ్రి క్వీన్స్ హుస్సార్ రక్తం ఇంకో దారిన చాలా దూరం వెళ్లింది. ఆ 250 పౌండ్ల మగగుర్రానికే ఎలిజబెత్ రాణి పెంచిన హైక్లేర్ పుట్టింది. 1974లో 1000 గినీస్, ఫ్రెంచ్ ఓక్స్ రెండూ గెలిచింది. దాని మునిమనవడే జపాన్‌లో పుట్టి అక్కడి పందేల చరిత్రను మార్చిన డీప్ ఇంపాక్ట్. ఆ డీప్ ఇంపాక్ట్ కొడుకు శాక్సన్ వారియర్ 2018లో న్యూమార్కెట్‌కు వచ్చి 2000 గినీస్ గెలిచింది.

మిగతా గుర్రాల కథ త్వరగా ముగుస్తుంది. మై స్వాలో గినీస్ తర్వాత ఏ పెద్ద పందెమూ గెలవలేదు. రెండేళ్ల వయసులోనే పూర్తి ఎదుగుదల చూసేసిన గుర్రం అది, మిగతావి ఎదుగుతుంటే ఇది అక్కడే ఆగిపోయింది. స్టడ్ ఫామ్‌లోనూ పెద్ద పేరు రాలేదు, తర్వాత జపాన్‌కు పంపారు. అయినా 1970లో ఫ్రాన్స్‌లో అది చేసిన పని చిన్నది కాదు. మిల్ రీఫ్ ముక్కు ముందు నిలిచిన గుర్రాలు రెండే రెండు. వాటిలో ఒకటి మై స్వాలో. మిన్‌స్కీ ఉత్తర అమెరికాకు తిరిగి వెళ్లి అక్కడ పందేల్లో పరిగెత్తింది. అన్న నిజిన్‌స్కీకి ఉన్న పేరు తమ్ముడికి రాలేదు. గుడ్ బాండ్, ఇండియన్ రూలర్‌ల పేర్లు ఇవాళ వినిపించేది ఆ ఆరింటినీ లెక్కపెట్టే సందర్భంలోనే.

బ్రిగేడియర్ గెరార్డ్ 1989లో చనిపోయింది. సాండౌన్‌లో ఏటా దాని పేరు మీద ఒక పందెం జరుగుతుంది. జాన్ హిస్లప్ 1973లో దాని జీవితాన్ని పుస్తకంగా రాశాడు. గుర్రాన్ని సొంత బిడ్డలా చూసుకున్న యజమాని కలం నుంచి వచ్చిన మంచి పుస్తకాల్లో అదొకటి. పాల్ మెలన్ 1993లో సీ హీరోతో కెంటకీ డెర్బీ కూడా గెలిచి, ఎప్సం డెర్బీ, ఆర్క్, కెంటకీ డెర్బీ మూడూ గెలిచిన మొదటి యజమాని అయ్యాడు.

రెండేళ్ల వయసు దాటాక మిల్ రీఫ్ చేజార్చుకున్న పందెం 2000 గినీస్ ఒక్కటే. దాన్ని 1988లో కొడుకు దోయూన్ గెలిచింది. 1996లో షర్లీ హైట్స్, దర్శాన్‌ల మీదుగా వచ్చిన మునిమనవడు మార్క్ ఆఫ్ ఎస్టీమ్ గెలిచింది. ఆ మార్క్ ఆఫ్ ఎస్టీమ్ కొడుకు సర్ పెర్సీ 2006లో న్యూమార్కెట్ గినీస్‌లో రెండో స్థానంలో వచ్చి, నాలుగు వారాలకు ఎప్సంలో షార్ట్ హెడ్ తేడాతో డెర్బీ గెలిచింది. 1971లో మిల్ రీఫ్‌కు పడిన వరుసా అదే: గినీస్‌లో రెండు, డెర్బీలో ఒకటి.